రైస్ మిల్లులో పని భద్రత: సీజనుకు ముందు నెల రోజుల్లో ఎలా ఏర్పాటు చేసుకోవాలి

మిర్యాలగూడ, హాలియా, నల్లగొండ వైపు మిల్లులు నడిపేవారు, వాటిలో గుమాస్తాలుగా, మేస్త్రీలుగా పనిచేసేవారు ప్రతి సీజను ముందూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: హెల్మెట్లు ఎన్ని కొనాలి, గోడ మీద ఏమి రాయించాలి? మహబూబ్‌నగర్ వైపు పత్తి జిన్నింగ్ మిల్లుల వారూ ఇదే అడుగుతారు. కొనవలసినవి కొన్ని ఉన్నాయి గాని అవి చివరి మెట్టు. అంతకంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ప్రమాదం కనిపించినప్పుడు హమాలీ యంత్రాన్ని ఆపితే ఆ రోజు అతని కూలి తగ్గుతుందా, తగ్గదా? తగ్గుతుందంటే మీరు పెట్టించిన ఏ కంచె అయినా వారం తిరిగేసరికి ఊడిపోతుంది. అందుకే ఈ వివరణలో మరలు, తాళాల గురించి ఎంత చెప్పానో కూలి లెక్క గురించీ అంతే చెప్పవలసి వచ్చింది.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పి పనిలోకి వెళదాం. గౌరవప్రదమైన పని అంటే కూలి ఇవ్వడం ఒక్కటే కాదనీ, సురక్షితమైన, ఆరోగ్యకరమైన పనిచోటు కార్మికుల మౌలిక హక్కుల్లో ఒకటనీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 జూన్‌లో తీర్మానించింది. మన దేశంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2020లో చట్టమై, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. మీ మిల్లు దాని లెక్కలో ఫ్యాక్టరీ కిందికి వస్తుందో రాదో ఆడిటర్‌ను అడిగి తెలుసుకోండి. రాకపోయినా కింది పనులన్నీ చేయవలసినవే, ఎందుకంటే యంత్రాన్ని తిప్పే పట్టాకు (బెల్టుకు) మిల్లు చిన్నదా పెద్దదా అన్న తేడా తెలియదు.

కావలసినవి

ఒక గట్టి అట్ట నోటుపుస్తకం, టార్చిలైటు, కొలత టేపు, ఎర్ర రంగు డబ్బా, ఆరు నుంచి పది తాళాలు (ఒక్కొక్కదానికి ఒక్కటే తాళంచెవి ఉండాలి, మారుచెవులు యజమాని ఇంట్లో దాచాలి), ఇనుప జాలీ, నట్లు బోల్టులు, వెల్డింగ్ మనిషి రెండు రోజుల కూలి, ప్రథమ చికిత్స పెట్టె, ఎన్95 మాస్కులు, చెవులకు పెట్టుకునే మఫ్‌లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, తాపీమేస్త్రీ వాడే తూకంగుండు. వీటన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి హమాలీ గుంపు నుంచి ఒకరు చొప్పున మీతో రెండు గంటలు తిరగడానికి మనుషులు కావాలి. ఆ రెండు గంటలకు కూలి కట్టివ్వండి.

1. మిల్లు నడుస్తుండగా హమాలీలతో కలిసి తిరగండి

ఆగిపోయిన మిల్లులో ఏ ప్రమాదమూ కనిపించదు. యాసంగి వడ్లు దిగుతున్న రోజున, లారీలు వరుసలో నిలబడి ఉన్నప్పుడు, సాయంత్రం మనుషులు అలసిన వేళ తిరగండి. "ఇక్కడ ఏమైనా ప్రమాదం ఉందా?" అని అడిగితే "ఏమీ లేదు సార్" అనే జవాబే వస్తుంది. అలా కాకుండా "నిన్న ఏ దగ్గర చెయ్యి పెట్టాలంటే భయమేసింది? ఎక్కడ కాలు జారింది?" అని అడగండి. బీహార్ నుంచి వచ్చిన హమాలీలు ఉంటే వారి భాష తెలిసినవారిని వెంట పెట్టుకోండి. వారి మేస్త్రీనే దుబాసీగా పెట్టుకోవద్దు, మేస్త్రీ ముందు మేస్త్రీ మీద ఎవరూ చెప్పరు. విన్న ప్రతి చోటునూ నోటుపుస్తకంలో రాసుకుని, అక్కడే నేల మీదో గోడ మీదో ఎర్ర రంగుతో ఒక గుర్తు పెట్టండి.

సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, ఈ తిరుగుడు మేనేజరు ఒక్కడే చేసి జాబితా రాసేయడం. ఆ జాబితాలో విరిగిన కిటికీ అద్దం ఉంటుంది, వడ్లను బకెట్లతో పైకి ఎత్తే ఎలివేటర్ అడుగు గుంత ఉండదు.

2. తిరిగే భాగాలన్నిటికీ కంచె వేయండి

పట్టా, కప్పీ, చైన్, షాఫ్టు చివర, కన్వేయర్ స్క్రూ, పొట్టు తీసే మరలోని రబ్బరు రోలర్లు, వీటిలో నిలబడిన మనిషి చేతికి గాని కాలికి గాని బట్టకు గాని అందేది ఏదైనా మూసి ఉండాలి. తువ్వాల, చీర కొంగు, విప్పిన జుట్టు చేతికంటే ముందే పట్టాకు అందుతాయని గుర్తుంచుకోండి. తవుడు ఊడ్చే పనిలో ఆడవాళ్లు ఎక్కువగా ఉంటారు కనుక, వాళ్లు వంగే ఎత్తులో ఉన్న షాఫ్టు చివరలను ముందుగా మూయించండి.

జాలీ సందు వేలు దూరనంత చిన్నదిగా ఉండాలి. జాలీ మరీ దూరంగా ఉంటే పక్క నుంచి చెయ్యి పెడతారు, మరీ దగ్గరగా ఉంటే పట్టా అదిరినప్పుడు దానికే తగులుతుంది. గ్రీజు పెట్టే చోట జాలీ బయటి నుంచే అందేలా ఒక గొట్టం అమర్చించండి. గ్రీజు కోసమే కంచె ఊడదీస్తారు, ఊడదీసింది తిరిగి ఎక్కదు.

ఎలా పరీక్షించాలి? మిల్లు ఆపి, ప్రతి కంచెనూ చేత్తో పట్టుకుని ఊపి చూడండి. బోల్టు ఉండవలసిన చోట బైండింగ్ వైరు చుట్టి ఉంటే, ఆ కంచె తరచుగా ఊడదీస్తున్నారని అర్థం. వైరు చుట్టినవాణ్ణి తిట్టడం తేలిక గాని, ఎందుకు ఊడదీయవలసి వస్తోందో కనుక్కోవడమే అసలు పని. తొంభై పాళ్లు అది మాటిమాటికీ ఇరుక్కునే యంత్రమై ఉంటుంది, బాగుచేయవలసింది దానిని.

3. ఆపు, తాళం వెయ్యి, నొక్కి చూడు

ఒక్కటే మెట్టు చేయగలనంటే ఇది చేయండి. నేను సూపర్‌వైజరుగా ఉన్న ఒక మిల్లులో ఎలివేటర్ అడుగున వడ్లు ఇరుక్కున్నాయి. ఒకతను స్టార్టర్ ఎర్ర బటన్ నొక్కి ఆపి గుంతలోకి చెయ్యి పెట్టాడు. అవతలి గదిలో ఉన్న ఆపరేటర్‌కు ఆ సంగతి తెలియదు, మిల్లు ఆగిందేమిటని పచ్చ బటన్ నొక్కాడు. రెండు వేళ్లు పోయాయి. ఆ మిల్లులో తాళం లేదా అంటే, ఉంది. నేనే తెప్పించాను. అది ప్యానెల్ పక్కన మేకుకు వేలాడుతోంది, దాని చెవి దానికే ఉంది. తాళం కొనిపించానుగా అనుకున్నానే తప్ప అది ఎవరి జేబులో ఉండాలో చెప్పలేదు.

ఇరుకు తీసే ముందు, పట్టా మార్చే ముందు, ఊడ్చడానికి లోపలికి వంగే ముందు ఈ వరుస తప్పకూడదు.

మొదట స్టార్టర్‌తో ఆపండి. తరువాత ఆ మోటారుకు కరెంటు వచ్చే మెయిన్ స్విచ్‌ను దించండి. స్టార్టర్ బటన్ మోటారును ఆపుతుందే గాని కరెంటును తెంచదు. వ్యవసాయ మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉన్న రోజులు గుర్తున్నవారికి దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు, కరెంటు వచ్చీ రాగానే మోటారు తనంతట తానే తిరిగేది. దించిన స్విచ్‌కు తాళం వేసి, లోపల చెయ్యి పెట్టబోయే మనిషే ఆ చెవిని తన జేబులో వేసుకోవాలి. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు, ముగ్గురైతే మూడు. ఆ తరువాత పచ్చ బటన్ ఒకసారి నొక్కి చూడాలి, ఏదీ కదలకపోతేనే సరైన స్విచ్ దించారని రుజువు. వరుసగా ఒకేలా ఉండే పది స్విచ్‌లలో పక్కదాన్ని దించడం నేను కళ్లారా చూశాను.

హెచ్చరిక: కరెంటు పోయినా ఎలివేటర్ కదలగలదు. బకెట్లు ఒకవైపు వడ్లతో నిండి ఉంటే, అడుగున ఇరుకు వదలగానే ఆ బరువుకు పట్టా వెనక్కి జారి చేతిని లోపలికి లాగుతుంది. పట్టాను ముందు చెక్కతో గాని క్లాంపుతో గాని బిగించి, ఆ తరువాతే గుంతలో చెయ్యి పెట్టండి.

తాళం పట్టని పాత స్విచ్‌లు ఉంటే, కొత్త ప్యానెల్ వచ్చేవరకు ఫ్యూజులు తీసి అదే మనిషి జేబులో పెట్టుకోవచ్చు. ఆ పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. ఇది తాత్కాలికమే, రెండు సీజన్లు గడిపేయడానికి కాదు.

4. ట్యాంకులు, గుంతలు, వడ్ల గోదాముల్లోకి దిగడం ఆపండి

బాయిల్డ్ బియ్యం మిల్లుల్లో వడ్లు నానబెట్టే ట్యాంకులో నీళ్లు పులిస్తే గాలిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మురుగు నీటి గుంతలో విషవాయువు చేరుతుంది. వడ్లు నింపిన పొడవాటి తొట్టిలో అడుగున గింజ జారుతుంటే, పైన నిలబడిన మనిషి బావిలో మునిగినట్టు మునిగిపోతాడు, నడుము దాటితే ఇద్దరు లాగినా పైకి రాడు.

ఇరుకును పై నుంచో పక్క తలుపు నుంచో పొడవాటి గడతో తీయండి. మనిషి దిగక తప్పదంటే, అడుగు గేటు మూసి తాళం వేయాలి, గాలి కొట్టే ఫ్యాను ముందే తిప్పాలి, గ్యాసు కొలిచే యంత్రం పెట్టి ప్రాణవాయువు 19.5 శాతానికి తగ్గలేదని చూడాలి, దిగేవారికి నడుము, భుజాల పట్టీ కట్టి తాడు పైన ఇద్దరి చేతుల్లో ఉండాలి. కొలిచే యంత్రం లేకపోతే దిగవద్దు. దీపం ఆరుతుందేమో చూడడం పాత పద్ధతి, విషవాయువును అది పట్టివ్వదు, మండే వాయువు ఉంటే అదే నిప్పవుతుంది.

అన్నిటికంటే ప్రాణాంతకమైన పొరపాటు, లోపల ఒకరు పడిపోతే రెండో మనిషి వెంటనే దూకడం. తాడుతో లాగండి, 108కు, 101కు ఫోన్ చేయండి, గాలి కొట్టండి, దూకవద్దు. ఈ మాటను సీజను మొదటి రోజున ఒక్కొక్కరితో నోటితో చెప్పించండి, ఎందుకంటే ఆ క్షణంలో తమ్ముడో బావమరిదో లోపల ఉంటే గోడ మీది బోర్డు ఎవరికీ కనిపించదు.

5. బస్తాల నెట్టు, బరువు

నెట్టును, అంటే పేర్చిన బస్తాల గుట్టను, సమమైన నేల మీద, చెక్క దిమ్మెల పైన, ఒక వరుస అడ్డం, ఒక వరుస నిలువుగా పేర్చాలి. ఎత్తు పెరిగేకొద్దీ అంచులను కొద్దిగా లోపలికి తీసుకోవాలి. విప్పేటప్పుడు పై నుంచి మెట్లు మెట్లుగా దించాలి. లారీ త్వరగా నింపాలని నడుమ నుంచి బస్తా లాగడంతోనే నెట్టు కూలుతుంది. రోజూ ఉదయం తూకంగుండు వేలాడదీసి, అంచు బయటికి వాలిందేమో చూడండి. వాలిన నెట్టు పక్కన టీ తాగడానికి కూడా ఎవరినీ కూర్చోనివ్వవద్దు.

పెద్దవారైన మగవారు చేత్తో మోసే బరువు 55 కిలోలు దాటరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. 40 కిలోల వడ్ల బస్తా, 50 కిలోల బియ్యం బస్తా ఆ హద్దులోపలే ఉన్నాయి గదా అనుకోవద్దు, రోజుకు ఎన్ని మోస్తున్నారన్నదే నడుమును విరిచేది. లారీ ఎక్కే పలక మీద అడుగు జారకుండా అడ్డపట్టీలు కొట్టించండి. బెల్టు లోడర్ ఒకటి అద్దెకు తెచ్చుకోగలిగితే అంతకంటే మేలు లేదు, కాని అది వచ్చిందని బస్తా రేటు కోస్తే హమాలీలు దాన్ని వాడనివ్వరు.

6. బాయిలర్, కరెంటు

ఇక్కడ తెలివితేటలు చూపవద్దు. బాయిలర్ తనిఖీ ధ్రువపత్రం గడువు లోపల ఉండాలి, నడిపేవారికి అర్హత పత్రం ఉండాలి. నీటి మట్టం చూపే గాజు గొట్టాన్ని ప్రతి షిఫ్టు మొదట్లో కడిగి చూడాలి, సేఫ్టీ వాల్వును వైరుతో కట్టడం గాని బరువు వేలాడదీయడం గాని చేయరాదు. కరెంటు విషయంలో ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత ఏడాదికొకసారి కొలిపించండి, చేతి పనిముట్ల లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ పెట్టించి నెలకొకసారి దాని టెస్టు బటన్ నొక్కి చూడండి.

7. దుమ్ము, మోత, ఎండ

ఊక దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు చెడతాయి. దుమ్ము పుట్టే చోటే లాగేసే ఫ్యాను, సంచి అమర్చడం ముందు పని. మాస్కు తరువాతి పని. ముఖానికి తువ్వాల కట్టుకుంటే చాలదు, ఎన్95 కావాలి, అది ముక్కు దగ్గర ఒత్తుకుని ఉండాలి. చీపురుతో ఎండు దుమ్ము లేపకుండా తడిపి గాని, వాక్యూమ్‌తో గాని తీయించండి. దూలాల మీద పేరుకున్న సన్నటి దుమ్ము నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, ఒక్కసారిగా గాలిలోకి లేస్తే పేలుతుంది కూడా.

మోతకు ఒక తేలిక పరీక్ష ఉంది. చేయిచాపు దూరంలో ఉన్న మనిషితో అరిస్తే తప్ప మాట వినపడకపోతే, అక్కడ చెవి మఫ్‌లు పెట్టుకోవలసిందే.

ఇక ఎండ. మే నెలలో నల్లగొండ సంగతి వేరే చెప్పాలా? రేకుల కప్పు కింద, డ్రయర్ పక్కన బయటికంటే ఎక్కువే ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలకొకసారి గ్లాసెడు నీళ్లు తాగేలా కుండను పని జరిగే చోటికే తెచ్చి పెట్టండి. దాహమైతే వాళ్లే తాగుతారులే అని ఆఫీసు పక్కన పెట్టడం పొరపాటు, బస్తా లెక్క పోతుందని అంత దూరం ఎవరూ రారు. కొత్తగా వచ్చినవారికి మొదటి వారం పూర్తి పని ఇవ్వకుండా రోజురోజుకూ పెంచండి. మనిషి తడబడి మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, విసురుతూ 108కు ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

8. "బంద్" మాటకు కూలి కట్టండి

హమాలీలకు బస్తాకింత అని ఇస్తాం. ఆగిన ప్రతి పది నిమిషాలూ వారి జేబులోంచి పోతాయి. అటువంటప్పుడు తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, నొక్కి చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? కనుక సీజను మొదలుకాకముందే గుంపుతో కూర్చుని ఈ మూడు విషయాలు రాసుకోండి.

ప్రమాదం కనిపించి ఎవరు ఆపినా, ఆగిన సమయానికి గంట లెక్కన కూలి వస్తుంది. గంట రేటును ఆ గుంపు మామూలుగా గంటకు మోసే బస్తాల సగటుతో కట్టండి, దానికంటే తక్కువ కడితే ఒప్పందం కాగితం మీదే ఉంటుంది. ఆపినది అనవసరమని తరువాత తేలినా కూలి కోయరాదు, మందలించరాదు. రాత్రి పని గంటలు దాటితే ఓవర్‌టైమ్ రెట్టింపు ఇవ్వాలి, కాని డబ్బు ఇస్తున్నాం గదా అని పదహారు గంటలు చేయించవద్దు. చాలా ప్రమాదాలకు వెనక ఉండేది నిద్రలేమి.

ఆపడానికి ఒకే మాట పెట్టుకోండి. "బంద్" అన్న మాట మన వాళ్లకూ తెలుసు, బీహార్ వాళ్లకూ తెలుసు, మోతలోనూ వినపడుతుంది. దానితోపాటు రెండు చేతులు తల మీద అడ్డంగా పెట్టే సైగ కూడా నేర్పండి. ప్రతి యంత్రం దగ్గరా పెద్ద ఎర్ర బటన్ పెట్టించండి, అయితే ఇరుకు తీయడానికి అది తాళానికి బదులు కాదని మరోసారి చెబుతున్నాను.

యజమానులు ఇక్కడ నన్ను అడిగేది, ఊరికే ఆపేస్తూ కూర్చుంటే ఎలా అని. నేను చూసినంతలో బస్తాల మీద బతికే మనిషి ఊరికే ఆపడు.

9. ప్రమాదం జరిగిన రోజు

ముందు 108. తెగిన వేలును శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి దవాఖానకు మనిషితోపాటే పంపండి, వేలికి ఐసు నేరుగా తగలరాదు. జరిగిన చోటును కడిగేయవద్దు, ఫొటోలు తీసి, చూసినవారి మాటలు వారి భాషలోనే రాసుకోండి.

ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్నవారి విషయంలో 24 గంటల్లోగా ప్రమాద నివేదిక పంపాలి. పది మంది, అంతకుమించి పనిచేసే మిల్లులో నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. పని ప్రమాదంతో తాత్కాలికంగా పని చేయలేకపోతే సగటు వేతనంలో 90 శాతం అందుతుంది. హమాలీలు మేస్త్రీ మనుషులు, మా మనుషులు కారు అని పేర్లు ఎక్కించకపోవడం అన్ని మిల్లుల్లోనూ చూసే తప్పు. ఈఎస్ఐ లేకపోతే పరిహారం భారం యజమాని నెత్తినే పడుతుంది. 40 ఏళ్ల మనిషి పనిలో చనిపోతే, నెల వేతనం 15,000గా లెక్కకు తీసుకుంటే, అందులో సగాన్ని ఆ వయసుకు చట్టం చెప్పిన 184.17తో గుణించాలి, 13,81,275 రూపాయలు అవుతుంది. ఆ డబ్బులో ఎన్ని జాలీలు, ఎన్ని తాళాలు వస్తాయో గుమాస్తాను లెక్క కట్టమనండి.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు దేశమంతా చూసింది. మిల్లులో పోయిన వేలు పేపర్లో రాదు. అందుకే త్రుటిలో తప్పినవాటిని కూడా మీరే రాసుకోవాలి. పడిన బస్తా ఎవరికీ తగలకపోయినా అది నోటుపుస్తకంలో ఎక్కవలసిందే.

నెల తరువాత ఎలా చూసుకోవాలి

చెప్పకుండా ఒక రాత్రి షిఫ్టుకు వెళ్లండి. తాళంచెవులు మేకుకు ఉన్నాయా, జేబుల్లో ఉన్నాయా? కొత్తగా వచ్చిన ఒక హమాలీని పక్కకు పిలిచి, ఇరుక్కుంటే ఏమి చేస్తావో చేసి చూపించమనండి, చెప్పమనవద్దు. బైండింగ్ వైరు కోసం ప్రతి కంచెనూ వెతకండి. నీటి కుండ సగం ఖాళీ అయిందో లేదో చూడండి.

చివరగా నోటుపుస్తకంలో "బంద్" పేజీ తెరవండి. నెలలో ఒక్కసారి కూడా ఎవరూ ఆపలేదని ఉంటే సంతోషించవద్దు, మిల్లుకు దూరంగా టీ కొట్టు దగ్గర కూర్చుని మళ్లీ అడగండి. నమోదు ఉంటే, ఆ తేదీన ఆపిన మనిషి పేరు చూసుకుని, గుమాస్తా చిట్టా తీసి, ఆ సాయంత్రం అతనికి ఆగిన గంటల కూలి నిజంగా పడిందో లేదో సరిచూడండి.